మెలిక మారిన డీఎన్ఏ, దానిని పట్టే ప్రొటీన్లు

పాఠ్యపుస్తకాలలో కనిపించే డీఎన్ఏ ఎప్పుడూ ఒకే భంగిమలో ఉంటుంది: కుడివైపుకు మెలి తిరిగిన రెండు పేటలు, వాటి మధ్య వరుసగా అమరిన క్షారాల జతలు, ఒక్కొక్క చుట్టుకు సుమారు పదిన్నర జతలు. 1953లో జేమ్స్ వాట్సన్, ఫ్రాన్సిస్ క్రిక్ ప్రతిపాదించిన ఈ ద్వికుండలిని శాస్త్రజ్ఞులు బి-డీఎన్ఏ అంటారు. జీవకణంలోని డీఎన్ఏలో చాలా భాగం, చాలా సమయం ఈ రూపంలోనే ఉంటుందనడంలో వివాదం లేదు. అయితే కణం తన జన్యువులను వాడుకున్న ప్రతిసారీ ఈ రెండు పేటలనూ విడదీయవలసి వస్తుంది. విడదీసినప్పుడల్లా మెలిక ఒకచోట బిగిసి మరొకచోట సడలుతుంది. ఆ ఒత్తిడికి లోనైన కొన్ని చోట్ల డీఎన్ఏ ఎడమవైపుకు మెలి తిరుగుతుంది, లేదా ఒంటి పేటలుగా విడిపోతుంది, లేదా నాలుగు పేటల ముడిగా ముడుచుకుంటుంది. ఇటువంటి అసాధారణ రూపాలను గుర్తుపట్టి పట్టుకునే ప్రొటీన్లు కణంలో ఉన్నాయనీ, వాటి రాకపోకలను బట్టి జన్యువు పనిచేసే వేగం పెరగడమో తగ్గడమో జరుగుతుందనీ గత నాలుగు దశాబ్దాలలో, ప్రధానంగా అమెరికాలోని కొన్ని ప్రయోగశాలలలో జరిగిన పరిశోధన చెబుతున్నది.

ఈ పరిశోధనలో పదే పదే ఎదురయ్యే జన్యువు పేరు మిక్. మనిషిలో ఇది ఎనిమిదవ క్రోమోజోము మీద ఉంటుంది. దీని నుంచి తయారయ్యే ప్రొటీను కణం పెరుగుదలకూ విభజనకూ సంబంధించిన ఎన్నో జన్యువులను పనిలోకి దింపుతుంది గనుక, అది మోతాదు మించితే కణం అదుపు తప్పుతుంది. బర్కిట్ లింఫోమా అనే క్యాన్సరులో మిక్ జన్యువు తన చోటు వదిలి, చాలావరకు పద్నాలుగవ క్రోమోజోము మీద, ప్రతిరక్షకాలను తయారుచేసే జన్యువుల పక్కకు చేరుతుంది. ఇతర క్యాన్సర్లలోనూ చాలావాటిలో ఈ జన్యువు అతిగా పనిచేస్తూ కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కణం దీనిని ఎంత పొదుపుగా వాడుతుందంటే, తయారైన మిక్ ప్రొటీనులో సగం అరగంట తిరిగేసరికి నశిస్తుంది, దాని సందేశాన్ని మోసే ఆర్ఎన్ఏ కూడా దాదాపు అంతే త్వరగా విచ్ఛిన్నమవుతుంది. అందువల్ల ఏ సమయానికి ఎంత మిక్ ఉండాలన్నది, డీఎన్ఏలోని సమాచారాన్ని ఆర్ఎన్ఏగా నకలు తీసే అనులేఖనం అనే ప్రక్రియ ఆ సమయంలో ఎంత వేగంగా సాగుతున్నదన్న దానిమీద చాలావరకు ఆధారపడుతుంది. జన్యువుకు ముందుభాగాన ఉండి ఈ నకలు తీయడాన్ని మొదలుపెట్టించే డీఎన్ఏ భాగాన్ని ప్రమోటర్ అంటారు. ఎడమ మెలిక తిరిగే చోట్లు, ఒంటి పేటలుగా విడిపోయే చోటు, నాలుగు పేటలుగా ముడుచుకునే చోటు మూడూ మిక్ ప్రమోటర్ పరిసరాలలోనే ఉండడం వల్ల, ఈ విషయాన్ని అధ్యయనం చేయదలచినవారికి ఇంతకంటే అనుకూలమైన జన్యువు దొరకలేదు.

ప్రొటీన్లు డీఎన్ఏను గుర్తించే మామూలు పద్ధతి అక్షరాలను చదవడం. అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్ అనే నాలుగు క్షారాలు ఏ వరుసలో ఉన్నాయో, ద్వికుండలి గాడిలోకి తనలోని ఒక భాగాన్ని చొప్పించి తడిమి చూసే ప్రొటీను, తనకు సరిపడిన వరుస దొరికినచోట స్థిరపడుతుంది. అసాధారణ రూపాలను పట్టే ప్రొటీన్లకు వరుస కంటే ఆకారం ముఖ్యం. ఈ మాట చెప్పడం తేలిక, నిరూపించడం చాలా కష్టం. ఎందుకంటే పరీక్షనాళికలో తగినంత ఉప్పు కలిపో, తగిన లోహ అయాన్లు చేర్చో డీఎన్ఏ చేత రకరకాల రూపాలు ధరింపజేయవచ్చు గాని, కేంద్రకంలోని ఇరుకులో, వేలాది ప్రొటీన్ల మధ్య అది అదే రూపం ధరిస్తుందని అంతమాత్రాన తేలదు. ఈ రంగం చరిత్ర అంతా ఒక రకంగా ఆ అనుమానంతో సాగించిన వ్యాజ్యమే, అందులో ముఖ్యమైన సాక్షులు ప్రొటీన్లే.

మొదటి వివాదం ఎడమ మెలిక మీద నడిచింది. 1972లో జర్మనీలోని గోటింగెన్‌లో ఫ్రిట్జ్ పోల్, థామస్ జోవిన్, గ్వానిన్ సైటోసిన్‌లు ఒకటి విడిచి ఒకటి ఉన్న డీఎన్ఏను గాఢమైన ఉప్పునీటిలో ఉంచితే అది వృత్తధ్రువిత కాంతితో వ్యవహరించే తీరు తలకిందులవుతున్నదని గమనించారు. 1979లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో అలెగ్జాండర్ రిచ్, ఆండ్రూ వాంగ్, వారి సహచరులు ఆరు క్షారజతల డీఎన్ఏ తునకను స్ఫటికంగా పేర్చి, ఎక్స్ కిరణాలతో పరిశీలించగా, అందులోని పేటలు ఎడమవైపుకు తిరిగి ఉన్నట్టు తేలింది. చుట్టుకు 12 జతలు. పేట వెన్నెముకగా ఉండే చక్కెర, ఫాస్ఫేట్ల వరుస నునుపుగా సాగకుండా వంకరటింకరగా నడవడం వల్ల దీనికి జెడ్-డీఎన్ఏ అన్న పేరు వచ్చింది. ద్వికుండలిని ప్రతిపాదించిన ఇరవై ఆరేళ్లకు, ఒక డీఎన్ఏ స్ఫటికంలో పరమాణువుల స్థానాలు మొదటిసారి స్పష్టంగా కనిపించినప్పుడు, అవి ప్రపంచమంతా ఎదురుచూసిన కుడి మెలికను చూపకపోవడం విజ్ఞానశాస్త్రం అప్పుడప్పుడు ఆడే పరిహాసాలలో ఒకటి. ఇది స్ఫటికంలో పుట్టిన విడ్డూరం తప్ప జీవంతో సంబంధం లేనిదని చాలామంది భావించారు. వారి వాదనను తోసిపుచ్చడానికి అప్పట్లో తగిన ఆధారమూ లేదు.

రిచ్ బృందం ఎంచుకున్న మార్గం సూటిగా ఉండింది: జెడ్-డీఎన్ఏ కణానికి అవసరమైతే, దానిని గుర్తించే ప్రొటీను కూడా కణంలో ఉండి తీరాలి. ఆ బృందంలోని ఆలన్ హెర్బర్ట్ అటువంటి ప్రొటీనును కోడి రక్తకణాల కేంద్రకాల నుంచి వేరుచేసి 1993లో ప్రకటించాడు. ఆ తరువాత అది అడార్1 అనే ఎంజైము అని తేలింది. రెండు పేటల ఆర్ఎన్ఏలోని అడినోసిన్ అనే అక్షరాన్ని ఇనోసిన్ అనే మరొక అక్షరంగా దిద్దడం దీని పని. 1999లో ఆ ప్రొటీనులోని జెడ్-ఆల్ఫా అనే చిన్న భాగం జెడ్-డీఎన్ఏను పట్టుకుని ఉన్న స్థితిని స్ఫటికంలో చూడగలిగారు. ఆ చిత్రం దగ్గర కాసేపు ఆగవలసిందే. డీఎన్ఏ ఒక్కొక్క పేటకు ఒక్కొక్క జెడ్-ఆల్ఫా అతుక్కుని ఉంటుంది. అది తాకేది ప్రధానంగా వంకరగా సాగే ఫాస్ఫేట్ల వెన్నెముకను. 177వ స్థానంలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లం మాత్రం, జెడ్ రూపంలో తిరగబడి నిలిచిన గ్వానిన్ ముఖానికి ఎదురుగా ఆనుకుంటుంది. కుడి మెలికలో గ్వానిన్ ఆ భంగిమలో ఉండదు. అంటే ఈ ప్రొటీను అక్షరాల వరుసను అడగదు, మెలిక ఏ దిక్కుకు తిరిగిందో, గ్వానిన్ ఏ వైపుకు వాలిందో మాత్రమే చూస్తుంది. విచిత్రమేమంటే, దాని మడత అక్షరాలను చదివే ఎన్నో మామూలు ప్రొటీన్లలో కనిపించే మడతే.

అనులేఖనంతో జెడ్-డీఎన్ఏకు ఉన్న సంబంధం కూడా దాదాపు అదే కాలంలో బయటపడింది. బెర్లిన్‌కు చెందిన బుర్గార్ట్ విట్టిగ్, రిచ్ కలిసి చేసిన ప్రయోగాలలో, మిక్ జన్యువులో మూడు చోట్ల, జన్యువు చురుకుగా పనిచేస్తున్నప్పుడు జెడ్-డీఎన్ఏ ఏర్పడుతున్నట్టూ, అనులేఖనం ఆగిపోతే అది తగ్గిపోతున్నట్టూ 1992లో కనిపించింది. 2001లో బెథెస్డాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో కెజీ జావో బృందం, సీఎస్ఎఫ్1 అనే జన్యువు ప్రమోటరులో థైమిన్, గ్వానిన్ పునరుక్తమయ్యే భాగం జెడ్ రూపంలోకి మారడం వల్ల ఆ చోట డీఎన్ఏ తిరిగి హిస్టోన్ ప్రొటీన్ల మీద చుట్టుకోకుండా తెరిచి ఉంటుందనీ, జన్యువు పనిచేయడానికి అది తోడ్పడుతుందనీ చూపింది. ఇక్కడ రూపం ఒక సంకేతంగా కంటే, తలుపు మూసుకోకుండా నిలిపే అడ్డుగా ఉపయోగపడుతున్నదని చెప్పవచ్చు.

కణంలో గాఢమైన ఉప్పు లేదు. మరి డీఎన్ఏను వంచే శక్తి ఎక్కడినుంచి వస్తుంది? దీనికి సమాధానం 1987లో లెరాయ్ లియు, జేమ్స్ వాంగ్ ఇచ్చారు. అప్పటికి హార్వర్డ్‌లో ఉన్న వాంగ్, డీఎన్ఏ మెలికలను కోసి సడలించే టోపోఐసోమరేజ్ ఎంజైములలో మొదటిదానిని 1971లో కనుగొన్నవాడు. రెండు పురులు పేనిన తాడు రెండు కొసలనూ కదలకుండా కట్టి, పురుల మధ్య ఒక పుల్లను దూర్చి ముందుకు నెట్టుకుంటూ పోతే, పుల్లకు ముందున్న మెలిక బిగుస్తుంది, వెనుకనున్నది సడలుతుంది. ఆర్ఎన్ఏను తయారుచేస్తూ డీఎన్ఏ వెంట సాగే ఆర్ఎన్ఏ పాలిమరేజ్ అనే భారీ ఎంజైము చేసేదీ అదే. ఆ ఎంజైముకు వెనుక, అంటే ప్రమోటర్ ఉన్న దిక్కున, మెలిక తక్కువైన డీఎన్ఏ మిగులుతుంది. టోపోఐసోమరేజ్‌లు వచ్చి సరిచేసేలోగా ఆ కొరత కొంతసేపు నిలుస్తుంది. ఎడమకు తిరగడం, పేటలు విడిపోవడం వంటివి ఆ కొరతను భరించడానికి డీఎన్ఏకు సులభమైన దారులు. ఈ వివరణతో అసాధారణ రూపాలకు ఒక అర్థం ఏర్పడింది. జన్యువు ఎంత వేగంగా పనిచేస్తే అంత మెలిక కొరత పుడుతుంది, అంత ఎక్కువగా రూపం మారుతుంది. రూపాన్ని చూడగల ప్రొటీను ఏదైనా ఉంటే, అది జన్యువు వేగాన్ని కొలవగలిగినట్టే.

అటువంటి కొలమానం మిక్ జన్యువుకు ఉన్నదని చూపినది మేరీల్యాండ్ రాష్ట్రం బెథెస్డాలోని నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన డేవిడ్ లెవెన్స్ ప్రయోగశాల. మిక్ ప్రమోటరుకు సుమారు 1500 క్షారాల ఎగువన, అడినిన్ థైమిన్‌లు ఎక్కువగా ఉండి తేలికగా విడిపోయే ఒక చోటు ఉన్నది. దూరాన ఎగువన ఉన్న భాగం అన్న అర్థంలో దానిని ఫ్యూజ్ అన్నారు. దానిని పట్టుకునే ప్రొటీనును 1994లో ప్రకటించి ఎఫ్‌బీపీ అని పేరు పెట్టారు. ఈ ప్రొటీను రెండు పేటలూ జతగా ఉన్న ఫ్యూజ్ మీద నిలవదు. పేటలు విడిపోయినప్పుడు మాత్రం, కేహెచ్ అనే నాలుగు భాగాలతో ఒంటి పేటను పట్టుకుంటుంది.

కణంలో పేటలు నిజంగా విడిపోతున్నాయా అన్నది చూడడానికి వాడిన సాధనాలలో ఒకటి తెలుగు పల్లెలకు కొత్తది కాదు. బావినీటిలో కలిపే ఊదారంగు పొటాషియం పర్మాంగనేటు, జతలో బిగిసి ఉన్న థైమిన్‌ను పెద్దగా కదిలించలేదు గాని, జత విడిన థైమిన్‌ను ఆక్సీకరణం చేసి గుర్తు మిగులుస్తుంది. కణాలను కొద్ది క్షణాలు ఆ ద్రావణంలో ఉంచి, తరువాత డీఎన్ఏను తీసి చూస్తే, ఏయే థైమిన్‌లు ఒంటరిగా ఉండినవో తెలిసిపోతుంది. మిక్ పనిచేస్తున్న కణాలలో ఫ్యూజ్ వద్ద ఈ గుర్తులు కనిపించాయి, పనిచేయని కణాలలో కనిపించలేదు. ఫెడర్ కూజిన్, లెవెన్స్ తదితరులు 2004లో పరీక్షనాళికలోనూ, 2008లో కణాలలోనూ జరిపిన ప్రయోగాలు, అనులేఖనం వల్ల పుట్టిన మెలిక కొరత ఎగువకు ప్రయాణించి ఫ్యూజ్‌ను విప్పగలదని చూపాయి.

ఆ తరువాతి కథ ఇంకా ఆసక్తికరం. విడిన ఫ్యూజ్ మీద కూర్చున్న ఎఫ్‌బీపీ, మధ్యనున్న డీఎన్ఏ వంగి దగ్గరకు రావడం వల్ల ప్రమోటర్ వద్ద ఉన్న టీఎఫ్2హెచ్ అనే యంత్రాంగాన్ని చేరుకుని, దానిని ప్రోత్సహిస్తుంది. ప్రమోటర్ వద్ద పేటలను తెరిచి పాలిమరేజ్‌ను ముందుకు కదిలించడంలో టీఎఫ్2హెచ్‌ది ముఖ్యమైన పాత్ర. అనులేఖనం వేగం పుంజుకుంటే మెలిక కొరత మరింత పెరుగుతుంది, ఫ్యూజ్ మరింత విడిపోతుంది. అప్పుడు ఫిర్ అనే రెండవ ప్రొటీను వచ్చి చేరి అదే టీఎఫ్2హెచ్‌ను అణచిపెడుతుంది. ఫిర్ పాత్రను 2000లో వివరించారు. పెరుగుదల సంకేతం అందిన కణంలో మిక్ ఒక్కసారిగా ఎగసి, మళ్లీ త్వరగా సర్దుకోవడానికి ఈ జంట కారణమని లెవెన్స్ బృందం వాదన. ఎండకు చర్మం తట్టుకోలేని జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే వంశపారంపర్య వ్యాధిలో కొందరికి టీఎఫ్2హెచ్‌లోని ఎక్స్‌పీబీ అనే భాగం దెబ్బతిని ఉంటుంది. అటువంటి కణాలలో ఎఫ్‌బీపీ ప్రోత్సాహమూ ఫిర్ అణచివేతా రెండూ సరిగా పనిచేయడం లేదని 2001లో తేలింది. ఆ రోగులకు చర్మ క్యాన్సర్లు రావడానికి డీఎన్ఏ మరమ్మతు లోపమే ప్రధాన కారణమన్న పాత అవగాహన దీనితో చెల్లిపోలేదు, దానికి తోడు మరొకటి చేరింది.

ఇంతవరకు చెప్పిన ప్రొటీన్ల వంశాన్ని విచారిస్తే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. అడార్1 ఆర్ఎన్ఏను దిద్దే ఎంజైము. ఎఫ్‌బీపీలోని కేహెచ్ భాగాలు ఆర్ఎన్ఏను పట్టే ప్రొటీన్లలో మొదట గుర్తించిన భాగాలే. ఫిర్‌కు మరొక పేరు పఫ్60. ఆర్ఎన్ఏలోని అక్కరలేని ముక్కలను కత్తిరించి అతికించే పనిలో అది పాల్గొంటుంది. ఇకముందు రాబోయే న్యూక్లియోలిన్, డీహెచ్ఎక్స్36 కూడా ఆర్ఎన్ఏతో పనిచేసేవిగానే ఎక్కువ ప్రసిద్ధి. ఇది కాకతాళీయం అనిపించదు: ఆర్ఎన్ఏ స్వభావరీత్యా ఒంటి పేట, తనలో తాను ముడుచుకుని చిత్రమైన ఆకారాలు ధరించడం దానికి అలవాటు, ఆ ఆకారాలను చదవడంలో ఆరితేరిన ప్రొటీన్లకు, మెలిక తప్పిన డీఎన్ఏ పరిచయమున్న ముఖంలా కనిపించడం సహజమే. అయితే ఈ వివరణ రెండువైపులా పదునున్నది. ఆర్ఎన్ఏ మీద వేరే ఉద్యోగం ఉన్న ప్రొటీను, ప్రయోగంలో డీఎన్ఏ రూపాన్ని పట్టుకున్నదంటే, కణంలోనూ అదే చేస్తున్నదో, లేక దొరికిన పోలికకు మోసపోయిందో చెప్పడం కష్టం. ఆ ప్రొటీనును తీసివేసినప్పుడు జన్యువు వేగం మారితే, ఆ మార్పు డీఎన్ఏ వైపు నుంచి వచ్చిందో ఆర్ఎన్ఏ వైపు నుంచి వచ్చిందో విడదీయడం ఇంకా కష్టం. 2011లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆలిగోడెండ్రోగ్లియోమా అనే మెదడు క్యాన్సర్లు కొన్నింటిలో ఎఫ్‌బీపీ జన్యువే పాడైపోయి ఉన్నట్టు కనుగొన్నారు. మిక్‌ను పెంచే ప్రొటీను లేకపోతే క్యాన్సర్ తగ్గాలి కదా అన్న సరళమైన లెక్క అక్కడ కుదరదు.

నాలుగు పేటల ముడి విషయంలో ఈ చిక్కు మరింత బిగిసింది. 1962లోనే బెథెస్డాలో మార్టిన్ గెలర్ట్, మేరీ లిప్సెట్, డేవిడ్ డేవీస్, నాలుగు గ్వానిన్‌లు ఒకే తలంలో చేయీ చేయీ కలిపినట్టు హైడ్రోజన్ బంధాలతో చతురస్రంగా కూడుకోగలవని చూపారు. అటువంటి చతురస్రాలు ఒకదానిమీద ఒకటి పేరుకుని, మధ్యలో పొటాషియం అయాన్లు బిగించి నిలిపిన నిర్మాణమే జి-క్వాడ్రుప్లెక్స్. చాలాకాలం దీనిని క్రోమోజోముల కొసలకు సంబంధించిన విషయంగానే చూశారు. 1989లో కొలరాడోలోని బౌల్డర్ నుంచి జేమ్స్ విలియమ్సన్, ఎం.కె. రఘురామన్, థామస్ చెక్ వెలువరించిన అధ్యయనం ఆ కోవలోదే.

జన్యువుల ప్రమోటర్లవైపు దృష్టి మళ్లించినది అరిజోనా రాష్ట్రం టూసన్‌లో లారెన్స్ హర్లీ బృందం. మిక్ ప్రమోటరుకు సమీపాన, ఒక పేటలో గ్వానిన్‌లు గుంపులు గుంపులుగా ఉన్న 27 క్షారాల భాగం ఉన్నది. మిక్ అనులేఖనంలో 80 నుంచి 90 శాతం వరకు దీని అదుపులో ఉంటుందని అంతకుముందే లెక్కకట్టారు. ఈ భాగం జి-క్వాడ్రుప్లెక్స్‌గా ముడుచుకుంటుందనీ, అందులోని ఒక్క గ్వానిన్‌ను అడినిన్‌గా మార్చి ముడిని బలహీనపరిస్తే ప్రమోటర్ చురుకుదనం సుమారు మూడింతలవుతుందనీ, ముడిని బలపరిచే టీఎంపైపీ4 అనే రసాయనం మిక్‌ను తగ్గిస్తుందనీ 2002లో ఆ బృందం ప్రకటించింది. దీనితో ముడి అంటే జన్యువును ఆపే మీట అన్న భావన స్థిరపడింది. ముడిని బిగించగల మందు చేస్తే, నేరుగా మందులకు లొంగని మిక్ ప్రొటీనును దాని పుట్టుక దగ్గరే అడ్డుకోవచ్చునన్న ఆశ వెంటనే పుట్టింది.

ఈ ముడిని కణంలో ఎవరు పట్టుకుంటారన్న ప్రశ్నకు, మిక్ జి-క్వాడ్రుప్లెక్స్‌ను ఎరగా కట్టి, కేంద్రకాల సారాన్ని దానిమీదుగా పోనిచ్చి, అతుక్కున్నవాటిని తూచి గుర్తించే పద్ధతిలో హర్లీ బృందం 2009లో న్యూక్లియోలిన్‌ను పట్టింది. రైబోజోముల తయారీ జరిగే కేంద్రకాంశంలో అపారంగా ఉండే ఈ ప్రొటీను, ముడిని మరింత స్థిరపరిచి మిక్‌ను తగ్గిస్తుందని వారు తేల్చారు. ఎన్ఎం23-హెచ్2 అనే మరొక ప్రొటీను విషయంలో మాత్రం ఏకాభిప్రాయం కుదరలేదు. ప్రిన్స్‌టన్‌లో ఈడిత్ పోస్టెల్ 1993లోనే దీనిని మిక్‌ను ప్రేరేపించే ప్రొటీనుగా గుర్తించింది. 2009లో ఢిల్లీలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జీనోమిక్స్ అండ్ ఇంటిగ్రేటివ్ బయాలజీలో శంతను చౌదరి బృందం అది జి-క్వాడ్రుప్లెక్స్‌నే పట్టుకుంటుందని చెప్పగా, అదే ఏడాది టూసన్ పరిశోధకులు అది విడిన ఒంటి పేటలను పట్టి, ముడి పడకుండా చూస్తుందని వాదించారు. ముడుచుకోవడం, విప్పుకోవడం రెండూ తేలికగా జరిగే చోట, ప్రొటీను ఏ స్థితిని పట్టిందో తేల్చడం ఎంత సున్నితమైన పనో ఈ భేదాభిప్రాయమే చెబుతుంది.

ముడిని విప్పే ప్రొటీన్లలో డీహెచ్ఎక్స్36 కథ మిగిలినవాటికంటే శుభ్రంగా ఉన్నది. జి-క్వాడ్రుప్లెక్స్‌లను విప్పే శక్తి మానవ కణాలలో ప్రధానంగా దీనిదేనని 2005లో ఉత్తర కెరొలైనాలోని వేక్ ఫారెస్ట్ పరిశోధకులు గుర్తించారు. 2018లో బెథెస్డాలోని ఏడ్రియన్ ఫెరే-డమారే ప్రయోగశాల, బాల్టిమోర్‌లోని సువా మ్యాంగ్ ప్రయోగశాల కలిసి, ఈ ప్రొటీను మిక్ ముడిని పట్టుకుని ఉన్న స్ఫటిక నిర్మాణాన్ని వెలువరించాయి. ఆ పరిశోధనపత్రం రచయితలలో మైకేల్ చెన్ తరువాత రెండవ పేరు రాంరెడ్డి తిప్పనది. ప్రొటీను కొసనున్న ఒక సర్పిలాకార భాగం, ముడి పైభాగపు గ్వానిన్ చతురస్రం మీద చదునుగా పరుచుకుంటుంది. మరొక భాగం ముడి పక్కనున్న వెన్నెముకను ఆనుకుంటుంది. ముడి నుంచి బయటికి వచ్చిన ఒంటి పేట తోకను ఎంజైము నడిభాగం ఒడిసిపడుతుంది. ఇలా పట్టుకోవడంతోనే, శక్తిని ఇచ్చే ఏటీపీని ఇంకా ఖర్చుచేయకముందే, పేట ఒక్క క్షారం మేర జారి ముడి అప్పటికే సడలడం మొదలవుతుంది. ఒక్కొక్క అణువునూ విడివిడిగా గమనించే పద్ధతిలో చూసినప్పుడు, ముడి కొంత విడి, మళ్లీ పడి, మళ్లీ విడడం కనిపించింది. ఈ ప్రొటీను ముడిని గుర్తిస్తుందా అన్న సందేహానికి ఆ చిత్రం చోటివ్వదు. మిక్ ప్రమోటర్ మీద కణంలో అది ఎంతసేపు, ఎప్పుడు ఆ పని చేస్తుందన్నది వేరే ప్రశ్న.

మందుల ఆశ ఏమైంది? శాన్ డియేగోలోని సైలీన్ ఫార్మాస్యూటికల్స్ రూపొందించిన, ముడులను పట్టుకునే క్వార్‌ఫ్లాక్సిన్ మనుషుల మీద రెండవ దశ పరీక్షల వరకు వెళ్లింది, మందుగా ఆమోదం పొందలేదు. అది పనిచేసే తీరు కూడా ఊహించినట్టు లేదు: 2009 నాటి అధ్యయనం ప్రకారం, అది కేంద్రకాంశంలో రైబోజోము జన్యువుల జి-క్వాడ్రుప్లెక్స్‌ల నుంచి న్యూక్లియోలిన్‌ను తొలగిస్తుంది. మిక్ తగ్గింది గనుక మందు మిక్ ముడినే పట్టి ఉండాలన్న వాదన ఎంత తొందరపాటో హర్లీ శిష్యబృందమే స్వయంగా పరీక్షించి చూపడం మెచ్చుకోదగిన విషయం. బర్కిట్ లింఫోమాకు చెందిన సీఏ46 అనే కణాలలో ఒక మిక్ జన్యువుకు ముడిపడే భాగం ఉంటుంది, క్రోమోజోము విరిగి చోటుమారిన రెండవ జన్యువుకు ఆ భాగం ఉండదు. మందు నిజంగా ముడి ద్వారానే పనిచేస్తే మొదటిది తగ్గాలి, రెండవది తగ్గకూడదు. 2011లో జీక్యూసీ-05 అనే రసాయనం ఈ పరీక్షలో నెగ్గింది. మరుసటి ఏడు పి.వి.ఎల్. బొడ్డుపల్లి ప్రథమ రచయితగా వెలువడిన పత్రంలో, అంతకుముందు మిక్ ముడిని బిగించేదిగా పేరుపడిన ఒక క్విండోలిన్ రసాయనం ఓడిపోయింది: అది మిక్‌ను తగ్గించే మాట నిజమే గాని, ముడి ఉన్నా లేకున్నా తగ్గించింది.

ఈలోగా ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో, చెన్నైలో పుట్టిన శంకర్ బాలసుబ్రమణియన్ ప్రయోగశాల, జి-క్వాడ్రుప్లెక్స్‌లను గుర్తించే బీజీ4 అనే ప్రతిరక్షకాన్ని తయారుచేసి, మానవ కణాల కేంద్రకాలలో ఆ ముడులు మెరిసే చుక్కలుగా కనిపించడాన్ని 2013లో చూపింది. విడదీసిన మానవ డీఎన్ఏలో ముడిపడగల చోట్లు ఏడు లక్షలకు పైగా ఉన్నట్టు 2015లోనూ, కేంద్రకంలోని సహజస్థితిలో ఒక రకం కణాలలో సుమారు పదివేల చోట్ల మాత్రమే ముడులు ఉన్నట్టు, అవీ ఎక్కువగా చురుకైన జన్యువుల ప్రమోటర్ల దగ్గరే ఉన్నట్టు 2016లోనూ అక్కడి లెక్కలు వచ్చాయి. ముడి జన్యువును ఆపే మీట అయితే, అది ఆగిపోయిన జన్యువుల దగ్గర కనిపించాలి. పనిచేస్తున్నవాటి దగ్గర ఎందుకు కనిపిస్తున్నది? 2024లో అదే ప్రయోగశాల మిక్ జన్యువు మీదనే సూటియైన పరీక్ష జరిపింది. కణంలోని మిక్ ప్రమోటర్ నుంచి ముడిపడే వరుసను తీసివేసి, ముడిపడలేని వరుసను చేరిస్తే అనులేఖనం పడిపోయింది. ఆ స్థానంలో కిట్ అనే వేరొక జన్యువుకు చెందిన, అక్షరాల వరుస వేరైనా ముడిపడగల భాగాన్ని చేరిస్తే తిరిగి కోలుకుంది. ఇరవై రెండేళ్ల కిందట ఆపే మీటగా ప్రసిద్ధమైనది, ఈ లెక్కన ప్రేరేపించే ప్రొటీన్లు వచ్చి వాలే వేదిక.

రెండు ఫలితాలలో ఒకటి తప్పని అనుకోనక్కరలేదు. టూసన్ ప్రయోగంలో కణంలోకి చేర్చిన విడి డీఎన్ఏ వలయం మీద ప్రమోటర్ చురుకుదనాన్ని కొలిచారు, కేంబ్రిడ్జి ప్రయోగంలో క్రోమోజోము మీది అసలు జన్యువునే దిద్దారు. మెలిక ఒత్తిడి, హిస్టోన్ల చుట్టలు, పక్కనున్న ఫ్యూజ్ వంటివి అక్కడ ఇదే తీరులో లేవు, ఇక్కడ ఉన్నాయి. ముడి మీద న్యూక్లియోలిన్ కూర్చుంటే ఒక ఫలితం, ప్రేరక ప్రొటీన్లు కూర్చుంటే మరొక ఫలితం రావచ్చు. ముడిని బిగించే రసాయనం కూడా ముడిని స్థిరపరచినందుకు కాక, దానిమీద వాలవలసిన ప్రొటీనును అడ్డుకున్నందుకు జన్యువును తగ్గించవచ్చు. సైలీన్ సంస్థ నుంచే వచ్చిన సీఎక్స్-5461 అనే మందు ఈ మలుపుకు తగిన ఉదాహరణ: రైబోజోము జన్యువుల అనులేఖనాన్ని ఆపేదిగా మొదలైన ఆ మందు జి-క్వాడ్రుప్లెక్స్‌లను బిగిస్తుందని 2017లో తెలిసింది, కెనడాలో జరిగిన మొదటి దశ పరీక్షలలో దానికి స్పందించిన రోగులు ప్రధానంగా బ్రాకా2 వంటి డీఎన్ఏ మరమ్మతు జన్యువులు దెబ్బతిన్నవారు, విప్పలేని ముడుల వద్ద తెగిన డీఎన్ఏను అతికించుకోలేకనే ఆ క్యాన్సరు కణాలు చనిపోతున్నాయన్నది ఒక వివరణ, అందులో మిక్ ప్రస్తావన లేదు.